'హెల్‌బ్లేడ్'లో సెనువా: ఆటగాడి స్థానం
నింజా థియరీ సంస్థ 2017లో వెలువరించిన 'హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్' వీడియోగేమ్‌లో పిక్ట్ తెగ యోధురాలు సెనువా, హతుడైన ప్రియుడి ఆత్మ కోసం నార్స్ పురాణాల మృత్యులోకానికి పయనిస్తుంది. నాయిక దేహాన్ని ఆడించే అధికారం తనదేనన్న ఆటగాడి ధీమాను ఈ రచన ఆరంభంలోనే కలవరపెడుతుంది: కథకురాలి స్వరం అతణ్ణి పలకరించి, సెనువా తలలో వినిపించే గొంతుల సరసన చేరుస్తుంది. పదేపదే ఓడితే చేతి మీది నల్లని కుళ్లు తలకెక్కి, అంతవరకు సాగిన ఆట చెరిగిపోతుందన్న హెచ్చరిక మరింత నిశితమైనది. నిజానికి అలా జరగదు. ఆ అబద్ధాన్ని నమ్మినంతసేపూ సెనువా భయం ఆటగాడిదే. సైకోసిస్ చిత్రణలో మనోవైద్య నిపుణుల సలహా తీసుకున్న మాట వాస్తవమే గాని, పాత్రకు బలమిచ్చింది ఆ ప్రామాణికత కన్నా ఈ కథనవ్యూహమే. పోరాట ఘట్టాల పునరుక్తి మాత్రం ఆ బిగువును అక్కడక్కడ సడలిస్తుంది.