తెల్లగా విరిగితే చాలా?

ఈ వారం మిత్రుడొకరు తెచ్చిన అశ్వగంధ పొడి డబ్బా మూత తీయగానే ఒళ్లు మండింది. డబ్బా మీద వేరు బొమ్మ, లోపల ఆకుపచ్చ ఛాయ. అశ్వగంధ ఆకు వాడొద్దని కేంద్ర ఆయుష్ శాఖ 2021లోనే తయారీదారులకు చెప్పింది. అందుకే ఈ కాలమ్ చదివేవారికి కంఠతా వచ్చిన మాట మళ్లీ అంటున్నాను: పొడి కాదు, వేరు కొనండి. వేరు సంగతి చేతికి తెలుస్తుంది.

అనంతపురం వైపు పెన్నేరుగడ్డను, అంటే అశ్వగంధ వేరును, శుభ్రం చేయడం చూసినవారికి ఆ చేయి ఎంతటిదో తెలుసు. మొక్క పెరికి, తల కోసేసి, ఎండిన వేళ్లను కర్రతో కొడతారు. మట్టితో పాటు సన్నని పిల్లవేళ్లూ రాలిపోతాయి. నేను చూసిన కళ్లంలో ఒక పెద్దావిడ ఒక్కో వేరూ తీసి విరిచేది. ఫట్‌మని విరిగి లోపల తెల్లగా ఉంటే ఒక కుప్ప, నారలా సాగితే ఇంకో కుప్ప. ఆమె పక్కనున్నవాళ్లతో మాట్లాడుతూనే ఉండేది, చేయి మాత్రం పొరబడేది కాదు. ఏడు సెంటీమీటర్ల పొడవు, ఒకటి ఒకటిన్నర మందం ఉన్న తెల్ల ముక్క మొదటి రకం. సన్నగా, పసుపుపచ్చగా ఉన్నది చివరి రకం, చవక.

ఇదే పని పరారుణ కిరణాలతోనూ చేయొచ్చు. చిటికెడు పొడి మీద వాటిని ప్రసరింపజేస్తే, అణువుల్లోని ఒక్కో బంధం తన కంపనానికి సరిపడేదాన్నే పీల్చుకుంటుంది. ఏది ఎంత పీల్చుకుందో గీస్తే వచ్చేదే వర్ణపటం. చైనాలో డాంగ్‌గుయ్ అనే మందు వేరును తల, ఒళ్లు, తోక అని విడదీసి వేర్వేరు గుణాలు చెబుతారు. ఆ భాగాల మధ్య తేడాను అక్కడి పరిశోధకులు ఈ వర్ణపటాల్లో చూశారు.

మన పెన్నేరు వర్ణపటం చూస్తే నాకు చిక్కు వచ్చిపడింది. సెంటీమీటరుకు 1000 నుంచి 1150 తరంగాల దగ్గర ఎత్తుగా లేచేది ప్రధానంగా పిండిపదార్థం. ఆ తెల్లటి విరుపు కూడా పిండిదే. మందు విలువను లెక్కగట్టేందుకు కొలిచే విథనోలైడ్లు అనే పదార్థాలు వేరులో సాధారణంగా నూటికి ఒక పాలు కూడా ఉండవు. వాటి జాడ 1700 దగ్గర చిన్నగా ఉండి, పిండి హోరులో కలిసిపోతుంది. రసాయన పరీక్షలో తేలిన నమూనాలతో ముందుగా పోల్చి సిద్ధం చేస్తేనే యంత్రం దాన్ని పట్టగలదు.

అంటే పెద్దావిడ చేయి చెప్పేది నిజమే, కానీ అది పిండి సంగతి. బజారు ధర కడుతున్నదీ దానికే. వేరు కొంటే ఆకు కల్తీ తప్పుతుంది, మందు ఎంతుందో మాత్రం తేలదు. పెన్నేరు కొనే వ్యాపారులు విథనోలైడ్ల పరీక్ష చేయించి ధర కట్టాలి. కొట్టి రాల్చేసే పిల్లవేళ్లలో మందు ఎంతుందో తేలేందుకు వాటినీ ఆ పరీక్షకు పంపాలి. కొనేవారు వేరైనా పొడైనా విథనోలైడ్ల శాతం రాసిన కాగితం అడగండి.