ఒక దోసెడు పూడిక

వేసవిలో చెరువులు ఎండగానే దర్శి, పొదిలి వైపు ట్రాక్టర్లు దిగుతాయి. పూడిక తవ్వి పత్తి చేలకూ మిరప చేలకూ తోలతారు. చేనికి మంచి బలం. ట్రక్కు నిండేలోపు నేను తవ్విన గోడ దగ్గర కూర్చుని, పైనుంచి కిందికి వరసగా నాలుగైదు దోసెళ్ళు విడివిడి సంచుల్లోకి ఎత్తుకుంటాను.

ఇంటికొచ్చి రాత్రంతా నానబెట్టి, సన్నని జల్లెడలో కుళాయి ధార కింద కడుగుతాను. బంకంతా జారిపోయాక మిగిలిన నలుసుల్ని ఆరబెట్టి, నల్ల పళ్ళెంలో పోసి మైక్రోస్కోపు కింద పెడితే తెల్లటి చిప్పలు కనిపిస్తాయి. పెసరగింజ ఆకారం, ఆవగింజకన్నా చిన్నవి. ఇవి ఆస్ట్రకాడ్‌లవి. రొయ్యకు దూరపు చుట్టం, రెండు చిప్పల మధ్య ఒదిగి బతుకుతుంది. తడి కుంచె మొన తాకిస్తే చిప్ప అంటుకుని లేస్తుంది. కాస్త ఒత్తితే పొడే.

పెద్దదయ్యేలోపు ఆస్ట్రకాడ్ ఎనిమిదిసార్లు చిప్ప విడుస్తుంది. కొత్తదానికి కావలసిన సున్నం పాత చిప్పలోంచి దాచుకోదు. చుట్టూ ఉన్న నీళ్ళలోంచే కొద్ది గంటల్లో, మహా అయితే కొద్ది రోజుల్లో తీసుకుంటుంది. దాంతోపాటే ఆ రోజు నీళ్ళలోని మెగ్నీషియం, స్ట్రాన్షియం కూడా చేరిపోతాయి. 1980లలో ఆస్ట్రేలియాలో చివాస్, డి డెక్కర్ చిప్పల్లోని ఈ రెంటి లెక్కతోనే ఉప్పు సరస్సుల పాత నీళ్ళ సంగతి చదివారు. మెగ్నీషియం లెక్కలో నీటి వెచ్చదనం ప్రభావం కూడా కలుస్తుంది కాబట్టి ఒక్క చిప్ప మాట నేను నమ్మను. ఒకే జాతివి, బాగా ఎదిగినవి, పొరకు పదైనా ఉండాలి.

రాజమండ్రి దగ్గర కాటేరు, దుద్దుకూరుల్లో లావా పొరల నడుమ మట్టిలో సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళనాటి చిప్పలే దొరికాయి. మన చెరువులవి వాటి ముందు నిన్నమొన్నటివి. అయినా నాకు ఇవే ముఖ్యం. దేశంలో, నీళ్ళలోని ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలో కలిసిన ఈ వైపు ఊళ్ళలోనే. ఆ తర్వాత నాగార్జున సాగరు కుడి కాలువ కృష్ణా నీళ్ళను ఇటు తెచ్చింది. ఫ్లోరైడ్ మాట చిప్పలు చెప్పకపోయినా, చెరువు నీరు ఏ పొర దగ్గర ఉప్పెక్కిందో, ఏ పొర దగ్గర తేటపడిందో చెప్పగలవు. పొరలు కలిసిపోయి చేలో పడ్డాక ఇక ఏమీ చెప్పలేవు.

మొన్న తవ్వేవాళ్ళను అడిగాను: లోతైన చోట మంచమంత మేర వదిలేయండని. "ఎందుకు సార్?" అన్నాడు ట్రాక్టరు నడిపే అబ్బాయి. మైక్రోస్కోపులో ఒక చిప్ప చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత తనే వెళ్ళి ఆ మూల చుట్టూ సున్నంతో గీత గీశాడు.