చదవలేని పేరునూ చెరపని పైథాన్

జిల్లాకో ఫైలు పెట్టుకుని, వాటికి నల్లగొండ, మహబూబ్‌నగర్ అని తెలుగులోనే పేర్లు ఇచ్చామనుకోండి. లినక్స్‌కు తెలుగూ తెలియదు, ఇంగ్లిషూ తెలియదు. దాని లెక్కలో పేరంటే బైట్ల వరుస. అందులో సున్నా బైటు, స్లాష్ ఉండకూడదు, అంతే. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటీ 3 బైట్లు. పొల్లు, గుణింతం, నిండుసున్న విడివిడిగా లెక్కిస్తే నల్లగొండలో 8 సంకేతాలు, 24 బైట్లు. మహబూబ్‌నగర్‌లో ‘బ్’ కింద ‘న’ ఒత్తుగా దిగిపోకుండా ఆపే కనిపించని సంకేతంతో కలిపి 11, అంటే 33 బైట్లు.

పేరు సక్రమంగా ఉంటే తెరవడం పెద్ద పనేం కాదు. పనితనం తెలిసేది పేరు చెడినప్పుడే. ఏదో పాత ప్రోగ్రాం నల్లగొండను 20 బైట్ల దగ్గర కోసేసిందనుకుందాం. ‘నల్లగొ’ దాకా 18 బైట్లూ క్షేమం. ఆపైన నిండుసున్నలోని మొదటి రెండు బైట్లు, 224, 176, మొండిగా మిగిలాయి. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.0 ఇలాంటి ఫైలును జాబితాలో చూపకుండానే దాటేసేది. తప్పుందని చెబితే దిద్దుకుంటాం. చెప్పకుండా వదిలేస్తే బ్యాకప్‌లో ఆ ఫైలు లేదన్న సంగతి ఎప్పటికి తెలియాలి?

2009లో మార్టిన్ ఫాన్ లోవిస్ ప్రతిపాదన, పెప్ 383, దీన్ని చక్కదిద్దింది. అదే ఏడాది 3.1లో చేరింది. యూనికోడ్‌లో సరొగేట్లనే 2,048 సంకేతాలున్నాయి. యూటీఎఫ్-16లో జంటగా వస్తేనే వాటికి అర్థం. సరైన యూటీఎఫ్-8లో అవి రానే రావు. వాటిలోంచి 128 ఏరి, చదవలేని బైటు ఒక్కోదానికీ ఒక్కోటి కేటాయించారాయన. ఫైలు తెరిచేటప్పుడు అవి మళ్లీ 224, 176 అయిపోతాయి. నిజమైన అక్షరంతో పొరబడే వీలే లేదు.

బైట్ల విలువలు 256 కదా, 128తో ఎందుకు ఆగారు? కింది సగాన్ని ఈ ముసుగులో దాగనివ్వలేదు. దాగనిస్తే స్లాష్‌ను దొంగచాటుగా పేరులోకి దూర్చి వేరే ఫోల్డరులోని ఫైలు తెరిపించవచ్చు. మొత్తం ప్రతిపాదనలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ నిరాకరణే. ముసుగు వేసిన పేరును యూటీఎఫ్-8లో బయటికి రాయబోతే పైథాన్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. చిరాకే, కానీ న్యాయమైన చిరాకు.

ఇదంతా లినక్స్ సంగతి. విండోస్‌లోనైతే సిస్టం భాషగా పెట్టుకోవడానికి తెలుగుకు పాతకాలపు కోడ్‌పేజీయే, అంటే బైట్లకు అక్షరాలు కేటాయించే పట్టికే, లేదు. పైథాన్ 2లో మామూలు స్ట్రింగుతో జాబితా అడిగితే నల్లగొండ ఎనిమిది ప్రశ్నార్థకాలై వచ్చేది. యూనికోడ్ స్ట్రింగు ఇస్తే పని జరిగే ఏర్పాటు 2003లో 2.3తో వచ్చింది, బైట్లుగా ఇచ్చిన పేర్లకు 2016 చివర 3.6లో ఆ భాగ్యం కలిగింది.

పైథాన్ చెయ్యి పెట్టని చోటు ఒకటుంది. మహబూబ్‌నగర్ చివర ఆ కనిపించని సంకేతం ఇంకొకటి పడితే కంటికి ఒకటే పేరు, లినక్స్‌కు రెండు ఫైళ్లు. మైసిగండి అన్న ఊరిపేరులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాసినా, రెండు ముక్కలుగా రాసినా యూనికోడ్ సాధారణీకరణ ఒకటి చేస్తుంది. ఆ కనిపించని సంకేతాన్ని మాత్రం అలాగే వదిలేస్తుంది. అందుకే పేర్లు పోల్చేటప్పుడు ఆ సంకేతాన్ని తీసేసి పోల్చాలి, తెరిచేటప్పుడు డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఇవ్వాలి.