పదహారు వరుసల్లో పట్టని జూపాడు బంగ్లా

తెలుగు లిపికి పిక్సెల్ అక్షరం నప్పదని, గుండ్రని లిపిని చదరపు గడుల్లో కూరితే విరిగిపోతుందని తరచూ వింటుంటాం. విరుగుతున్న మాట నిజమే. కానీ తప్పు లిపిది కాదు, ఇంగ్లీషు అక్షరాల కొలతతో వేసిన గడులది. 1980ల వీడియో గేముల్లో అక్షరానికి దక్కిన చోటు 8 గడుల వెడల్పు, 8 గడుల ఎత్తు. ఏడు వరుసల్లో అక్షరం, ఎనిమిదోది పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీ. ఆనాటి నామ్‌కో కంపెనీ ఆటల అక్షరాల్ని ఆధారం చేసుకుని గీసిన ‘ప్రెస్ స్టార్ట్ 2పీ’ ఫాంటును ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. అందులో లాటిన్, గ్రీకు, సిరిలిక్ లిపులున్నాయి, తెలుగు లేదు. ఉండే వీలూ లేదు. మనది మూడంతస్తుల లిపి: పైన తలకట్టు, గుడి, దీర్ఘం; నడుమ అక్షరం; కింద వత్తు. ఇంతటిదాన్ని ఎనిమిది వరుసల్లోకి నొక్కి, ఆపైన అందంగా లేదనడం న్యాయం కాదు.

నందికొట్కూరు నుంచి ఆత్మకూరు వెళ్లే బస్సు ఎల్‌ఈడీ బోర్డు మీద ‘జూపాడు బంగ్లా’ అని ఊరి పేరు వేయాలనుకుందాం. బోర్డుకు 16 వరుసలున్నాయనుకుంటే ఇంగ్లీషులో ఆ పేరు లావుగా, సుఖంగా సరిపోతుంది. తెలుగులో లెక్క వేరు. జ, డ లాంటి అక్షరాల్లో కనీసం మూడు అడ్డ మలుపులుంటాయి. ఒక్కో మలుపుకు ఒక వరుస, మధ్యనున్న రెండు ఖాళీలకు రెండేసి వరుసలు ఇస్తే నడిమి భాగానికే ఏడు కావాలి. తలకట్టుకూ దాని కింది ఎడానికీ నాలుగు, ‘గ్లా’ కింది ల వత్తుకు ఎడంతో కలిపి ఆరు. మొత్తం పదిహేడు. ఒక్క వరుస చాలదు! ఇక్కడే అక్షరం గీసేవాడి పనితనం బయటపడాలి. ఈ పేరులో తలకట్టు నిలిచేది ‘డు’ మీద మాత్రమే. జ, బ లకు అసలు తలకట్టు ఉండదు; పా, గ్లా లలో దీర్ఘం దాని స్థానాన్ని తీసుకుంటుంది. వత్తు కూడా సరిగ్గా అక్షరం కిందే ఉండాలన్న నియమం లేదు. కుడివైపు జరిపి, అక్షరం పాదం పక్కన రెండు వరుసలు పైకి ఎత్తితే పదహారులోనే ఇమిడిపోతుంది. పేరు కొంచెం వెడల్పవుతుంది. కానీ బోర్డు మీద వెడల్పు చవక, ఎత్తు ఖరీదు. ఈ చిన్న సంగతి తెలియక పేరు మొత్తాన్ని కుదించేస్తే వత్తు ఒక చుక్కగా మిగిలి, ‘గ్లా’ను ‘గా’ అని చదువుకోవాల్సి వస్తుంది.

లావు అక్షరం ఇంకా కష్టం. 1984లో మెకింటాష్ కంప్యూటర్ కోసం సుసాన్ కేర్ గీసిన ‘షికాగో’ ఫాంటులో నిలువు గీత రెండు పిక్సెళ్లు, అడ్డగీత ఒకటి. ఎత్తు పెరగకుండానే అక్షరం బరువుగా కనిపించడానికి కారణం అదే. తెలుగులో నిటారు గీతలు తక్కువైనా ఈ కిటుకు మనకూ పనికొస్తుంది: సున్నా చుట్టులో పక్కలు రెండు గడులు, పైనా కిందా ఒకటి. మూలల్లో గడి తీసేసి మెట్లుగా దిగితే కాస్త దూరం నుంచి కంటికి అది వంపే. అయితే నా దృష్టిలో ఇక్కడ నల్ల గడుల కన్నా తెల్ల గడులే ముఖ్యం. ప–ఫ, డ–ఢ, ద–ధ జంటల్లో తేడా అంతా కింది చిన్న నిలువు గీతలోనే ఉంది. కి–కీ ల మధ్య ఉన్నది పైనున్న చిన్న మెలిక. ఆ గీత పక్కన, ఆ మెలిక లోపల ఒక్క ఖాళీ గడి పూడినా అక్షరం మారిపోతుంది. అందుకే ఉన్న ఫాంటునే కంప్యూటర్ చేత గడులుగా మార్పించి, పైన లావు పెంచేస్తే కుదరదు. ప్రతి గుణింతాన్నీ చేత్తో సరిచూడాలి.

గుండ్రదనమే తెలుగు ఆత్మ, దాన్ని మెట్లుగా కొయ్యడం అపచారం అనేవారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ గుండ్రదనమూ ఒక పనిముట్టు ఇచ్చినదే. తాటాకు మీద గంటంతో తిన్నని అడ్డగీతలు లాగితే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరాలు వంపు తిరిగాయన్నది చాలామంది ఒప్పుకునే వివరణ. అంతకు ముందు రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన కలమళ్ల శాసనం, సుమారు 575 నాటిది, చూస్తే అందులో ఇవాళ్టి తలకట్టు రూపమే లేదు. రాయి, ఆకు, సీసపు అచ్చు ఒక్కొక్కటీ లిపిని తనకు తగినట్టు మలుచుకున్నాయి. గడి కొలతతో పని చేస్తే వంపు చస్తుందన్నదీ నిజం కాదు. ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో రూపుదిద్దుకునే దేవతామూర్తుల వెనక తాళం, అంగుళం అనే లెక్కలున్నాయి. ముఖమంత పొడవును ఒక తాళంగా పట్టి ఒళ్లంతా ఆ భాగాల్లో కొలుస్తారు. ఆ కొలతల్లోంచే భుజం వంపూ, బుగ్గ నునుపూ వస్తున్నాయి.

ఫోన్ తెరలు ఇంత నున్నగా ఉన్న రోజుల్లో ఇదంతా దేనికన్న ప్రశ్న మరింత బలమైనది. వార్తలూ కథలూ చదివే అక్షరంగా పిక్సెల్ ఫాంటును నేనూ కోరను. చూపు తగ్గిన పెద్దవాళ్లకు అది హింసే. కానీ బస్సు బోర్డు, స్టేషన్ ప్రకటన, ఆట శీర్షిక, పోస్టరు వేరు. అక్కడ కావలసినవి నాలుగైదు మాటలే, అవి దూరం నుంచే కంటికి ఆనాలి. గ్నూ యూనిఫాంట్ అనే పిక్సెల్ ఫాంటులో తెలుగు అక్షరాలు ఉన్నాయి గానీ, ఒక్కో కోడ్‌కు ఒక్కో బొమ్మ అన్న పద్ధతిది కాబట్టి వత్తులు సరిగా కలవవు. ఇప్పుడు గీసే ఫాంటుకు ఆ ఇబ్బంది అక్కర్లేదు. గడుల్ని చిన్న చతురస్రాల గీతలుగా దాచి, వత్తుల నియమాల్ని ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతిలో రాసుకోవచ్చు. లావు అక్షరానికి నా లెక్కలో 24 వరుసలు సుఖం. అప్పుడు 24, 48, 72 పిక్సెళ్ల సైజుల్లోనే వాడాలి. మధ్యలో 30 పెడితే గడుల అంచులు అలుక్కుపోతాయి. బోర్డులకు మాత్రం 16 వరుసల రూపాన్ని విడిగా, వత్తుల్ని పక్కకు ఎత్తి గీయాల్సిందే.