గీతకో కారణం

పోయిన సంక్రాంతి ముందు ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామానంతా దించాం. ఇత్తడి గుండిగల వెనక, పాత క్యాలెండరు కాగితం చుట్టిన అట్టపెట్టె ఒకటి బయటపడింది. లోపల నా సెంచూరియన్ ట్యాంకు. పదో తరగతి పాసైనప్పుడు సింగపూర్ నుంచి వచ్చిన మావయ్య ఇచ్చిన ప్లాస్టిక్ మోడల్ కిట్ అది. ఇంటర్ రెండో ఏడు ఎంసెట్ చదువు మొదలవగానే, రంగు పూర్తికాకుండానే పెట్టెలోకి వెళ్లింది. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఇప్పుడు యాభై ఐదు.

దుమ్ము దులిపి, చక్రాల చుట్టూ ఉండే ట్రాకులు సరిచేద్దామని చెయ్యి వేస్తే అవి కదల్లేదు. ఆ రోజుల్లో కిట్లలో ట్రాకులు మెత్తటి వినైల్‌తో వచ్చేవి. వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికి ఊరుతుంది. దానికి తగిలిన గట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. నా ట్యాంకు ట్రాకులు అలా చక్రాల్లోకి దిగబడిపోయాయి. బ్లేడుతో ఒలిచి తీస్తే ప్రతి చక్రం అంచునా ఒక గాటు. పన్నెండు జతల చక్రాలు, అన్నింటికీ అదే గాయం.

పారేసి కొత్తది కొనుక్కోవచ్చు. ఇప్పుడు నెల జీతంలో అదో లెక్క కాదు. కానీ ఆ గాట్లు పూడ్చాలనిపించింది. కిట్‌లో భాగాలు తుంచుకున్నాక మిగిలే ప్లాస్టిక్ కాడల్ని చిన్న సీసాలో ముక్కలు చేసి, పల్చటి మోడల్ జిగురు పోసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి పేస్టులా అవుతుంది. జిగురని పిలుస్తాం గానీ అది అంటించేది కాదు, ప్లాస్టిక్ అంచుల్ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేది. ఆ పేస్టు గాటులో పెట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, సన్న గరుకు కాగితంతో అరగదీస్తే చక్రం మళ్లీ చక్రమవుతుంది. కొండపల్లి కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో పొణికి కర్ర ముక్కల్ని అతికి, అతుకు కనపడకుండా నునుపు చేస్తారు. బొమ్మ చేసేవాడికి ఎక్కడైనా మొదటి పాఠం ఇదే. రంగుకు ముందు అతుకు మాయం కావాలి.

పన్నెండు జతల చక్రాలకు మూడు వారాలు పట్టింది. పదిహేనేళ్ల వయసులో ఇదే ట్యాంకును నాలుగు రోజుల్లో నిలబెట్టేశాను. హార్డ్‌వేర్ షాపులో కొన్న ఆకుపచ్చ ఎనామిల్ దట్టంగా పూశాను. ట్యాంకన్నాక బురద ఉండాలి కదా అని, మా కాలనీ గ్రౌండులోని ఎర్రమట్టి నీళ్లలో కలిపి చక్రాలకు రాశాను. పెట్టె తెరిచేసరికి ఆ మట్టి ఇంకా అడుగున పట్టే ఉంది. అప్పటికి నేను చూసిన అసలు ట్యాంకు ఒక్కటే. 1971 యుద్ధంలో మన సైన్యం పట్టుకున్న పాకిస్తాన్ పాటన్, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉండేది. నాన్నగారు స్కూటరు మీద తీసుకెళ్లి చూపించారు. ట్యాంక్‌బండ్ మీద ట్యాంకు ఉందేమిటని అడిగితే, ట్యాంకంటే చెరువురా అన్నారాయన. తర్వాత తెలిసింది, ఈ ఇనుప బండికి ఆ పేరు రావడానికీ నీళ్లే కారణమని. 1915లో బ్రిటన్ దీన్ని రహస్యంగా తయారుచేస్తూ, అవి నీళ్ల ట్యాంకులని బయటికి చెప్పింది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలోకి మొదటిసారి దిగేసరికి ఆ పేరే స్థిరపడిపోయింది.

నా మోడల్ 1/35 స్కేలుది. ఈ అంకె ఏ సైనిక పటాల నుంచీ రాలేదు. జపాన్‌లోని షిజువొకలో తమియా కంపెనీ 1960ల మొదట్లో జర్మనీ పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత కొలత తీసుకుంది. ఆ కొలత అసలు ట్యాంకులో దాదాపు 35వ వంతుకు వచ్చింది. అదే ప్రపంచమంతటా ట్యాంకు మోడళ్లకు ప్రమాణమైంది. ఈ లెక్కన నా సెంచూరియన్ ఒళ్లు దాదాపు 22 సెంటీమీటర్లు. అందులో నిలబడే మనిషి 5 సెంటీమీటర్లు.

అసలు పని రంగు దగ్గర మొదలవుతుంది. అడుగు దూరం నుంచి చూసే బొమ్మ, ముప్పై ఐదడుగుల దూరంలో నిలబడ్డ నిజం ట్యాంకులా కనపడాలి. అంత దూరంలో ఏ రంగైనా కొంత పాలిపోతుంది. అందుకని డబ్బాలోని ఆకుపచ్చను ఉన్నదున్నట్టు వెయ్యకూడదు, కాస్త లేత చెయ్యాలి. తర్వాత పల్చటి ముదురు రంగును మూలల్లోకి, రివెట్ల చుట్టూ పారిస్తాం. దాన్ని వాష్ అంటారు. నీడలు అందులో నుంచి పుడతాయి. పెచ్చులూడిన పెయింటు చూపించడానికి హెయిర్ స్ప్రే వాడతారు. అడుగున తుప్పు రంగు, దాని మీద హెయిర్ స్ప్రే, ఆ పైన ఆక్రిలిక్ ఆకుపచ్చ. ఆరాక తడిపి బిరుసు బ్రష్షుతో రుద్దితే పై పొర అక్కడక్కడా లేచి తుప్పు తొంగిచూస్తుంది.

ఆ ముచ్చటలో పడి మొదటి ప్రయత్నంలో ట్యాంకంతా రుద్దేశాను. అందంగానే ఉంది గానీ నమ్మబుద్ధి కాలేదు. వారం రోజులు బల్ల మీద పెట్టుకుని చూశాక అర్థమైంది. ఏ గీత ఎందుకు పడిందో నాకే తెలియదు. పైభాగమంతా కడిగేసి, మళ్లీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టాను. ఈసారి గీత గీసే ముందు ప్రశ్న వేసుకున్నాను. డ్రైవరు ఎటునుంచి ఎక్కుతాడు? బూటు ఎక్కడ ఆనుతుంది? అక్కడ పెయింటు అరుగుతుంది. గుండ్లు పైకి అందించేటప్పుడు అంచుకు ఏది తగులుతుంది? ఎవరి చెయ్యీ కాలూ తగలని చోట తుప్పు ఎందుకుంటుంది? సెంచూరియన్ సైలెన్సర్లు వెనక మడ్‌గార్డుల మీద ఉంటాయి. ఆ వేడికి పెయింటు మాడిపోతుంది కాబట్టి తుప్పు అక్కడ న్యాయం. దానిది పెట్రోలు ఇంజను, అందుకని ఇంధనం పోసే మూతల చుట్టూ జిడ్డు మరకలు న్యాయం. ట్రాకు బయటివైపు తుప్పు గోధుమరంగు, లోపల చక్రం దొర్లే దారి మాత్రం తళతళలాడే ఉక్కు.

ఇలా ఒక్కో గీతకూ కారణం వెతుకుతూ పోతే ఇనుము వెనక మనుషులు కనపడ్డారు. సెంచూరియన్‌లో నలుగురు ఉంటారు. ఆ గీతలన్నీ ఆ నలుగురివే. చిన్నప్పుడు నా ట్యాంకులో ఎవరూ లేరు. ఫిరంగి ఎటు తిరుగుతుందన్నదే అప్పటి నా ఆనందం.

1971 డిసెంబరు 16న షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర జరిగిన ట్యాంకుల పోరులో పూనా హార్స్ రెజిమెంటు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ఇలాంటి సెంచూరియన్‌లోనే ఉన్నాడు. దాని పేరు ఫామగుస్టా. సైన్యంలో అధికారిగా చేరి ఆరు నెలలే అయింది. ట్యాంకు అంటుకుంది, దిగి వచ్చెయ్యమని రేడియోలో ఆజ్ఞ వచ్చింది. తన ఫిరంగి ఇంకా పనిచేస్తోందని అతను దిగలేదు. అక్కడే ప్రాణం వదిలాడు. పరమవీర చక్ర ఇచ్చారు. వయసు 21. మూడు దశాబ్దాల తర్వాత, 2001లో అతని తండ్రి బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేతర్‌పాల్ పాకిస్తాన్ వెళ్తే, లాహోర్‌లో ఆతిథ్యమిచ్చిన మాజీ సైనికాధికారి ఆ రోజు అరుణ్ ట్యాంకుకు ఎదురు నిలిచి పోరాడింది తానేనని ఆయనకు చెప్పాడు.

ఎంసెట్ పుస్తకాల కోసం నేను ఈ పెట్టె మూసినప్పటి వయసుకు అరుణ్ నాలుగేళ్లే పెద్ద. ఆ సంగతి తట్టిన రోజు కమాండర్ బొమ్మ ముఖానికి రంగు వేస్తున్నాను. ఐదు సెంటీమీటర్ల మనిషికి ముఖం శనగ గింజంత. కుర్రతనం కనపడేలా వెయ్యడానికి మూడు సాయంత్రాలు కూర్చున్నాను.

నా ట్యాంకు మీద ఫామగుస్టా అని రాయలేదు. ఆ పేరు ఒక్క ట్యాంకుది. అది ఇప్పటికీ అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్)లోని ఆర్మర్డ్ కోర్ కేంద్రంలో భద్రంగా ఉంది. నేను మార్చింది మట్టిని. ఆ పోరు జరిగిన పంజాబ్ మైదానానిది నదులు పరిచిన ఒండ్రు నేల, బూడిద కలిసిన లేత గోధుమరంగు. మా కాలనీ ఎర్రమట్టిని బ్రష్షుతో కడిగేసి ఆ రంగు అద్దాను. అడుగు భాగాన కనపడని చోట మాత్రం ఎర్రమట్టి మరక ఒకటి అలాగే ఉంచాను. దానికీ కారణం ఉంది. అది ఆ పదిహేనేళ్ల కుర్రవాడిది.

మీ ఇంట్లోనూ అటక మీద సగంలో ఆగిన మోడల్ పెట్టె ఉంటే ఈ ఆదివారం దించండి. ముందు ట్రాకులు చక్రాలకు తగలకుండా విడదీయండి. సబ్బు నీళ్లతో కడిగి ఒక రోజు ఆరనివ్వండి. మోడల్ మీద అతికించే గుర్తులుండే డెకాల్ షీటు పసుపెక్కి ఉంటే పారెయ్యకండి, కిటికీ అద్దానికి అతికించి కొన్ని వారాలు ఎండ తగలనివ్వండి, చాలావరకు తెల్లబడుతుంది. తర్వాత తొందరపడకుండా ఒక్క చక్రంతో మొదలుపెట్టండి.