ఆముక్తమాల్యద వానాకాలంలో మూడు పొయ్యిలు

ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలోని వర్షర్తు వర్ణన తెలుగు విద్యార్థులకు బాగా పరిచయమైనదే. అందులో రెడ్ల వానాకాలపు భోజనాన్ని చెప్పిన పద్యాన్ని స్వభావోక్తికి ఉదాహరణగా చూపడం వాడుక. రాజై ఉండి కూడా కృష్ణదేవరాయలు పల్లె బతుకును ఎంత దగ్గరగా చూశాడో కదా అని మెచ్చుకొని ముందుకు సాగిపోతాం. ఆ మెప్పు సరైనదే. కాని అంతటితో ఆగితే పద్యంలోని విషయం సగం మిగిలిపోతుంది. రైతు ఇంట తిండికి భరోసా దేనివల్ల వస్తుంది అన్న ప్రశ్నతో ఆ వర్ణనను మళ్ళీ చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పద్యంలో ఏముందో చూద్దాం. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకు, చింతచిగురు కలిపి నూనెతో వేపిన పొరటు కూర. దానితో వేడివేడి ఆరికెల కూడు. పసులు మేతకు పోగా, దూడలు ఒళ్ళు నాకుతుండగా, మేకెరువు కుంపటి దగ్గర పెట్టుకొని రెడ్లు మంచమెక్కి దొరతనం అనుభవిస్తున్నారు. ఈ ఆకుకూరల్లో ఒక్కటీ విత్తనం వేసి పెంచింది కాదు. చేలో కలుపుగానో, గట్టు మీదనో, చెట్టు మీదనో దానంతటదే వచ్చేది. ఆరిక మెట్టపంట. పొట్టుతో దాచుకుంటే ఏళ్ళ తరబడి చెడదు. అంటే డబ్బు పెట్టి కొన్నది ఈ విస్తట్లో దాదాపు లేదు.

ఇప్పుడు శ్రీనాథుడిదిగా చెప్పుకొనే పలనాటి చాటువును దీని పక్కన పెట్టండి. పూతన చేదుపాలు తాగానని, దావాగ్నిని మింగానని నిక్కే కృష్ణుణ్ణి పిలిచి, చింతచిగురు వేసి వండిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగు, నీ సత్తా చూస్తాను అంటాడు కవి. రెండు పద్యాల్లోనూ చింతచిగురు ఉంది. రెండింట్లోనూ మెట్టపంట కూడు ఉంది. ఒకచోట అది దేవుడికే పరీక్ష, మరొకచోట దొరతనానికి సాటివచ్చే సుఖం. రుచిభేదమని తీసిపారేస్తే పొరపాటు. చాటువులో మాట్లాడేది సన్నబియ్యానికి అలవాటుపడి, దారిలో ఒక పూట ఆగిన అతిథి. ఆముక్తమాల్యదలో తింటున్నది ఆ నేల గల ఆసామి. అతిథికి కనిపించేది కంచం ఒక్కటే. ఆసామి కంచం వెనక పశువులు, దూడలు, మేకలు, నూనె, కుంపటి, పైకప్పు ఉన్నాయి. రాయలవారు వాటినన్నింటినీ అదే పద్యంలో ఇమిడ్చారు. ఆకుకూరా ఆరికకూడూ ఆ ఇంట సుఖభోజనం కావడానికి కారణం ఆ చుట్టూ ఉన్న సరంజామా. అది లేని ఇంట అదే కంచం కరువు కంచమవుతుంది.

ఇది మనం పైనుంచి తెచ్చిపెట్టిన ఊహ కాదు. అదే వర్షర్తు వర్ణనలో మరో పద్యం ఉంది. జడివానలో ఇల్లిల్లూ తిరిగితే కాస్త నిప్పు దొరుకుతుంది. దొరికినా రాజుకోదు. రాజుకున్నా వంట కావడం కష్టం. ఆ ఇల్లెవరిదో కవి చెప్పలేదు. ఆ ఇంట గింజలు ఉన్నాయి, పొయ్యి వెలగడమే లేదు. ఇక మొదటి ఆశ్వాసంలో, శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుని ఇంట ఇదే జడివాన. అక్కడ భార్య కళ్ళకు పొగ సోకకుండా కొబ్బరిచిప్పలు అంటించి వండుతుంది. సన్నన్నం, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి అతిథులకు వడ్డన. వరుగులూ వడియాలూ ఎండల్లో ముందుచూపుతో చేసి దాచినవి. ఒకే కావ్యంలో, ఒకే వానలో, మూడు పొయ్యిలు. తేడా వంటకాల్లో కన్నా వంటచెరకులో, నిలవలో ఉంది.

1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఇచ్చిన నిర్వచనాన్ని ఆధారం చేసుకొని, ఆహారభద్రతకు నాలుగు అంశాలు చెబుతున్నారు: తిండి ఉండటం, అది అందటం, ఒంటికి పట్టేలా వండుకు తినగలగటం, ఇవన్నీ ఏడాది పొడుగునా నిలవటం. కావ్యానికి ఈ కొలత పెట్టడం అసందర్భమని కొందరనవచ్చు. కాని గింజలున్నా నిప్పు లేక పస్తుండే ఇంటిని పదహారో శతాబ్దపు కవి గుర్తించాడంటే, ఆ కొలత కావ్యానికి పరాయిది కాదు.

అయితే రెడ్ల పద్యంలో ఒక లోపం ఉంది. వానలో ఆకు కోసుకొచ్చింది ఎవరు? ఆరికలు దంచింది ఎవరు? ఆరికగింజకు పొట్టు గట్టిది, పొరలు పొరలుగా ఉంటుంది. దంచడం పెద్ద చాకిరీ. విష్ణుచిత్తుని ఇంట వండే మనిషి కళ్ళు సైతం కవికి కనిపించాయి. ఇక్కడ ఆమె పద్యం నుంచే తప్పుకుంది. మంచం మీది సుఖం ఆమె శ్రమ మీద నిలిచి ఉంది. స్వభావోక్తి అని మెచ్చేటప్పుడు ఎవరి స్వభావం, ఎవరి కంటితో అని కూడా అడగాలి.

నేడు ఇలాంటి పద్యాలను చూపి మన పూర్వులు సిరిధాన్యాలు తిని ఆరోగ్యంగా బతికారని చెప్పేవారు పెరిగారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించాక ఆ మాట మరీ బలపడింది. శ్రీనాథుడి ఎగతాళి ఎంత తొందరపాటో ఈ పొగడ్త కూడా అంతే. కోతల్లో తడిసి బూజుపట్టిన ఆరికలు తింటే మత్తు, వాంతులు వస్తాయి. ఆ భయమూ పూర్వుల తిండిలో భాగమే. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రెండు రూపాయల బియ్యం నిజమైన ఆకలి తీర్చింది. 2013 నాటి ఆహారభద్రత చట్టం కింద సాధారణ లబ్ధిదారుకు నెలకు 5 కిలోల ధాన్యం వస్తున్నది. 2023 జనవరి నుంచి అది ఉచితం. వీటిని చిన్నచూపు చూడకూడదు. కాని రేషన్ దుకాణం గింజ ఇవ్వగలదు గాని గురుగును, చెంచలిని ఇవ్వలేదు. కలుపుమందు చల్లిన చేలో ఆ ఆకు మొలవదు. రాయలవారి కంచంలో సగం అలా పోయింది. పోయిన సగంలోనే ఒంటికి కావలసిన ఇనుము, విటమిన్లు ఎక్కువగా ఉన్నాయి.

శ్రీవిల్లిపుత్తూరు నేటి తమిళనాడులోనిది. ఈ కావ్యం రాసిన రాజు పాలించిన హంపి నేటి కర్ణాటకలోనిది. కనుక ఈ పద్యాలు మన ప్రాంతాలకు దూరమైనవి కావు. ఆరికను తమిళులు వరగు అంటారు, కన్నడిగులు హారక అంటారు, మరాఠీవారు కోద్రా అంటారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏమంటున్నారు? ఆ అయిదు ఆకుల్లో ఎన్నింటిని గుర్తుపడతారు? వాటిని ఎవరు కోసుకొచ్చేవారు, ఏ నెలలో, ఎవరి చేలోంచి? ఈ జవాబులు నిఘంటువుల్లో లేవు. అవి తెలిసినవాళ్ళు ఉండగానే రాసిపెట్టుకుంటే, పద్యానికి ఇంతవరకు ఏ వ్యాఖ్యాతా రాయని టీక ఒకటి తయారవుతుంది. అందులోనైనా పొయ్యి దగ్గరి మనిషికి చోటు దొరకాలి.