మూలపడ్డ జావాకు వెల కట్టేదెలా?

పశువుల కొట్టంలోనో మేడ మెట్ల కిందో పాత పట్టా కప్పుకుని ఏళ్ల తరబడి నిలబడిపోయిన జావా బండి కనిపిస్తే, కొందామని వచ్చినవాడు ముందు అడిగేది ఒకటే: "స్టార్టవుతుందా?" పాత బళ్ల మధ్యే తల నెరిసిన మెకానిక్ ఆ మాట ఎత్తడు. పట్టా తీయించి బండి చుట్టూ నెమ్మదిగా తిరుగుతాడు. టాంకు మూత దానిదేనా, టూల్ బాక్సు తలుపులు రెండూ ఉన్నాయా, హెడ్‌లైట్ మీద మీటరు ఉందా, దాని చోట కన్నమే మిగిలిందా అని చూస్తాడు. ఆ తర్వాత ఇంటావిడ వైపు తిరిగి "సీ బుక్ ఎవరి పేరు మీద ఉందమ్మా?" అంటాడు. ఇంజన్ దగ్గరికి అన్నిటికంటే ఆఖర్న వస్తాడు.

ఆగిపోయిన బండికి వెల కట్టే విద్యంతా ఆ వరసలోనే ఉంది. ఆడని ఇంజన్‌ను ఆడించేవాళ్లు ప్రతి పట్టణంలోనూ దొరుకుతారు. పోయిన భాగాన్ని, పోయిన కాగితాన్ని తెచ్చిపెట్టేవాళ్లే దొరకరు. కొత్తగా ఈ దారి పట్టినవాళ్లు దీన్ని తిరగేసి లెక్కేసుకుంటారు. ఇంజన్ ఆడడం లేదని బంగారంలాంటి బండిని వదిలేస్తారు, బుడుబుడుమని ఆడుతోందని పైపూతల బండికి లక్షలు పోస్తారు.

జావానే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. చెకొస్లొవేకియా కంపెనీ లైసెన్సుతో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం 1960ల మొదట్లో ఈ బళ్లు తయారు చేయడం మొదలుపెట్టింది. 1970లలో బండి పేరు యెజ్డీ అయింది. 1978లో రోడ్‌కింగ్ మోడల్ వచ్చింది. 1996లో కర్మాగారం మూతపడింది. మైసూరు మనకు ఎంతో దూరం కాదు కాబట్టి తెలుగు జిల్లాల్లోనూ ఈ బళ్లు బాగానే తిరిగాయి, చాలా ఇళ్లలో అమ్మకుండా అలాగే ఉండిపోయాయి. తొలినాటి బళ్లలో చెకొస్లొవేకియా నుంచి వచ్చిన భాగాలు ఎక్కువ. పాల్ కంపెనీ స్పీడోమీటరు, జికోవ్ కార్బురేటరు అలాంటివే. పోనుపోను దేశీ భాగాలు వాటి స్థానంలోకి వచ్చాయి. అందుకే బండి ఏ ఏటిదో తేల్చుకోకుండా ఏ భాగం అసలైనదో, ఏది తర్వాత తగిలించిందో చెప్పలేం. జావా చక్రం 16 అంగుళాలది, రోడ్‌కింగ్‌ది 18. ఒకదాని చక్రాలు ఇంకొకదానికి ఎక్కించి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

జావా చూడబోయేవారి జేబులో మూడు వస్తువులుండాలి. ఒక టార్చి, పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం, ఒక పెన్సిలు.

అయస్కాంతాన్ని టాంకు మీద, మడ్‌గార్డుల మీద పాకిస్తే రేకున్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా పూసినచోట జారిపోతుంది. గుడ్డ చుట్టేది రంగు గీసుకుపోకుండా. టాంకు మూత తీస్తే ముక్కు పని చెబుతుంది. ఏళ్ల నాటి పెట్రోలు వార్నిష్ కంపు కొడుతుంది. టార్చి వేసి చూస్తే పలచటి ఎర్ర తుప్పు ఉంటే భయం లేదు, కడిగి వదిలించుకోవచ్చు. అడుగున అతుకు వెంబడి తడిమరకలు, సబ్బు రుద్దిన ఆనవాళ్లు ఉంటేనే ఆలోచించాలి, చిల్లులు మొదలైనట్టు. సైలెన్సర్ల చివర కందిరీగలు మట్టిగూళ్లు కట్టి ఉంటాయి. సీటు కిందో ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోనో ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరికి ఉంటాయి. చూడ్డానికి ఘోరంగా ఉన్నా ఇవి ధర తగ్గించాల్సినంత లోపాలు కావు.

బండి ఎక్కడ నిలబడిందన్నది మాత్రం ధరను మారుస్తుంది. విశాఖ, కాకినాడ తీరాల ఉప్పుగాలి అల్యూమినియం భాగాల మీద తెల్లటి పొడి పొంగిస్తుంది, స్పోకులను తినేస్తుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి పొడి నేలల్లో ఎండకు రబ్బరు పగిలినా ఇనుము నిలుస్తుంది. పశువుల కొట్టం అన్నిటికంటే చెడ్డది. మూత్రం, పేడల ఆవిరి క్రోమ్ పూతను అడుగునుంచి లేపేస్తుంది. క్రోమ్ మళ్లీ వేయించాలంటే ముందు రేకును అరగదీయాలి. గుంటలు పడ్డ రేకు ఆ అరుగుదలకే చిల్లు పడిపోతుంది.

ఇక ఇంజన్. 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు, ఒకే సిలిండరు, దానికి రెండు సైలెన్సర్లు. టూ స్ట్రోకు కాబట్టి వాల్వులు లేవు, క్యామ్ లేదు. బండి నిలిచిపోయినప్పుడు పిస్టన్ ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి ఏదో ఒక పోర్టు తెరుచుకుని ఉండొచ్చు. వానాకాలపు తేమ సైలెన్సర్ దారిన లోపలికి చేరి పోత ఇనుప సిలిండరుకు తుప్పు పట్టిస్తుంది, రింగులు దానికి అతుక్కుంటాయి. "ఇంజన్ జామైపోయిందండీ" అని అమ్మేవాళ్లు చెప్పేది చాలాసార్లు ఇదే. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో కాస్త డీజిలో తుప్పు వదిలించే నూనో పోసి నాలుగైదు రోజులు వదిలేయాలి. తర్వాత నాలుగో గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపాలి. అంతే తప్ప కిక్ మీద ఎక్కి తొక్కకూడదు. జావాలో కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ అవుతుంది, కిందికి దించితే గేరు. బలవంతంగా తొక్కితే ఆ షాఫ్టు పళ్లు అరిగిపోతాయి, అతుక్కున్న రింగు పోర్టు అంచుకు తగిలి విరుగుతుంది. రాడ్డును షాఫ్టుకు వెల్డింగ్ చేసి ఉంటే, ఆ బండిని ఎవరో ఇలాగే హింసించారని అర్థం.

ఇంజన్ తిరగడం మొదలయ్యాక ఒక పరీక్ష ఉంది. ప్లగ్గు కన్నంలోంచి పొడవాటి స్క్రూడ్రైవరును పిస్టన్ నెత్తి మీద ఆనించి, చక్రాన్ని పిసరంత ఇటూ అటూ కదపాలి. చక్రం కదిలినా పిస్టన్ వెంటనే కదలకుండా, లోపల ఎక్కడో చిన్నగా 'టక్' మని వేలికి తగిలితే కనెక్టింగ్ రాడ్డు బేరింగు పోయినట్టే. అంటే క్రాంకు విప్పాలి, కొత్త రాడ్డు కిట్టు వేసి ప్రెస్‌లో బిగించాలి, తిరిగి లేత్ మీద సరిచూడాలి. అది చేయి తిరిగినవాడి పని. బోరు సంగతి అంత కష్టం కాదు. ఓవర్‌సైజు పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెద్దవి దొరుకుతాయి. ఇదివరకే ఎన్నిసార్లు బోరు చేయించారో మాత్రం అడగాలి. ఆఖరి సైజు దాటితే స్లీవు వేయించక తప్పదు. ఏళ్లు గడిచాక క్రాంకు సీళ్లు ఎలాగూ ఎండిపోతాయి. మార్చకుండా ఆడిస్తే గేరు బాక్సు నూనె ఇంజన్‌లోకి లాక్కుని తెల్లటి పొగ కక్కుతుంది. కాబట్టి నిలిచిపోయిన ఏ జావాకైనా సీళ్ల ఖర్చు ముందే రాసుకోవాలి. ముందు స్ప్రాకెట్ వెనక కేసును కూడా టార్చి వేసి చూడాలి. చైను తెగి కేసు పగిలితే అతికించిన గుర్తు అక్కడ దాగదు.

అమ్మేవాళ్లు ఉత్సాహం కొద్దీ "రేపు రండి, మెకానిక్‌ని పిలిచి స్టార్ట్ చేయించి ఉంచుతాం" అంటారు. వద్దనడమే మంచిది. తుప్పు నిండిన సిలిండరును నూనె లేకుండా ఒక్క నిమిషం ఆడించినా బోరు గీతలు పడుతుంది.

పెన్సిలు పని కాగితాల దగ్గర వస్తుంది. ఛాసిస్ నంబరు మీద పలచటి కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే అచ్చు దిగుతుంది. ఆర్టీవో ఆఫీసులో తీసుకునే పద్ధతీ ఇదే. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా, చుట్టూ ఆకురాయి పెట్టిన మెరుపు ఉన్నా అక్కడితో ఆగిపోవాలి. ఛాసిస్, ఇంజన్ నంబర్లు సీ బుక్‌తో కలవాలి. ఇంజన్ మార్చి ఉంటే ఆ సంగతి పుస్తకంలో ఎక్కి ఉండాలి. మామూలు అమ్మకానికి ఫారం 29, 30 మీద సంతకాలు చాలు. యజమాని కాలం చేసి ఉంటే ముందు వారసుల పేరుకు మార్చే ఫారం 31 కావాలి. మూలపడ్డ బళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. నలుగురు పిల్లల్లో ఒకరు అమెరికాలో ఉంటే సంతకాలు కూడదీయడానికే నెలలు పడతాయి. ఎప్పుడో తీర్చేసిన ఫైనాన్సు అప్పు పుస్తకంలో ఇంకా మిగిలే ఉంటే ఫారం 35, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 మీద ఎన్‌వోసీ. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు బళ్ల రికార్డు ఆన్‌లైన్‌లోకి ఎక్కిందో లేదో ఆఫీసుకు వెళ్లి అడగాలి.

50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బళ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు 5,000. పాత నంబరుంటే దాన్నే ఉంచుకోవచ్చు. కానీ ఆ బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతులు, అంతవరకే. రోజూ ఆఫీసుకు వెళ్లాలనుకునేవాళ్లకు ఐదేళ్లకోసారి చేయించే మామూలు రెన్యువలే దారి. ఏ కాగితమూ లేని జావా ఎంత అందంగా ఉన్నా, దానికి కట్టాల్సింది విడిభాగాల ధరే.

ఇప్పుడు లెక్క. అంకెలు లెక్క కోసమే, బజారు ధరలని కాదు. ఆ ఊళ్లో బాగా నడుస్తున్న, కాగితాలు సరిగా ఉన్న అలాంటి బండే లక్షన్నరకు పోతోందనుకుందాం. బోరు, క్రాంకు, సీళ్లకు 18 వేలు. టింకరింగు, రంగు, క్రోమ్ కలిపి 35 వేలు. టైర్లు, కేబుళ్లు, వైరింగుకు 15 వేలు. లేని భాగాలకు 20 వేలు. కాగితాల పనికి 7 వేలు. మొత్తం 95 వేలు. విప్పితే గానీ బయటపడని వాటికి ఇంకో 15 వేలు పక్కన పెడితే, బండికి ఇవ్వగలిగేది 40 వేలు. ఇందులో మార్చుకోదగ్గ అంకె 35 వేలది. కర్మాగారపు రంగు వెలిసినా నిలిచే ఉంటే దాన్ని తుడిచి, మెరుగుపెట్టి అలాగే ఉంచడం మేలు. అప్పుడా ఖర్చు చాలావరకు తప్పుతుంది, తప్పిన దానిలో కొంత ఇంటివారికి ఇవ్వడం న్యాయం. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, పాత రంగు మళ్లీ రాదు.

అన్ని బళ్లకూ ఇదే కొలత పనికిరాదు. కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజన్ మద్రాసులో దశాబ్దాల పాటు తయారైంది కాబట్టి సామాను ఎక్కడైనా దొరుకుతుంది, లేని భాగానికి ఎక్కువ తగ్గించనక్కర్లేదు. రాజ్‌దూత్ 350 దానికి పూర్తి విరుద్ధం. యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ సంస్థ 1983లో ఇక్కడ తెచ్చింది. రెండు సిలిండర్లు, 347 సీసీ. పెట్రోలు ఎక్కువ తాగుతుందని జనం దూరం పెట్టారు, 1980ల చివరికల్లా ఆగిపోయింది. అప్పుడు కొనేవాళ్లు లేని బండి కోసం ఇప్పుడు ఎగబడుతున్నారు. అందులోనూ 30.5 హార్స్‌పవర్ హై టార్క్‌కు, తర్వాత వచ్చిన 27 హార్స్‌పవర్ లో టార్క్‌కు ధరలో తేడా ఉంటుంది. ఒకదాని సిలిండర్లు ఇంకొకదానికి వేసి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి, రాజ్‌దూత్ విషయంలో బండి తెలిసినవాణ్ణి వెంటబెట్టుకోకుండా బేరానికి దిగకూడదు.

లేని భాగాల కోసం హైదరాబాద్ జుమ్మేరాత్ బజారు, చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ తిరగవచ్చు. రబ్బర్లు, కేబుళ్లు, బ్యాడ్జీలు కొత్తగా చేసినవి దొరుకుతాయి. పాల్ మీటరు, సొట్ట పడని టాంకు, అసలు సైలెన్సర్లు మాత్రం అదృష్టం కొద్దీ దొరకాలి. వెతుకులాట ఇంటివారి అటక మీద మొదలుపెట్టడం మంచిది. సైలెన్సరు మార్పించినప్పుడు పాతదాన్ని పారేయకుండా దాచే పెద్దలు మన ఇళ్లలో తక్కువేం కాదు. బేరం కుదిరాక "పెద్దాయన సామాను పెట్టె ఏదైనా ఉందా అండీ, ఒక్కసారి చూడొచ్చా?" అని అడిగితే టూల్ కిట్టు, రెండో తాళంచెవి, కొన్నప్పటి బిల్లు, పాత ఇన్సూరెన్సు కాగితాలు బయటికొస్తాయి. బిల్లు దొరికితే బండి ఏ ఏటిదన్న వాదన తీరిపోతుంది.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకుండా, వారసుల సంతకాలు పూర్తయ్యేదాకా కొంత ఉంచుకుంటామని ముందే చెప్పి రాసుకోవాలి. బండిని తాడు కట్టి లాక్కెళ్లకూడదు. పాత పెట్రోలు వంచేసి, న్యూట్రల్ చేసి ఆటో ట్రాలీలో ఎక్కించాలి. షెడ్డుకు చేరాక మొదటి స్పానరు పెట్టేలోపు వైర్లు ఏ దారిన వెళ్లాయో, కేబుళ్లు ఎటు తిరిగాయో, ఏ బోల్టు కింద ఎన్ని వాషర్లున్నాయో అన్ని వైపులనుంచీ ఫోటోలు తీసి పెట్టుకోవాలి.